దోమల మందు ఎంపిక: విజయవాడలో ఏ నీటికి ఏది పనిచేస్తుంది

నగరపాలక సంస్థ బయాలజిస్టు దగ్గరికి వచ్చే కోరిక తరచుగా ఒకటే: "మా వీధికి ఫాగింగ్ బండి పంపండి." కార్పొరేటరు అడిగినా, అపార్టుమెంటు సెక్రటరీ అడిగినా అదే మాట. పొగ కంటికి కనిపిస్తుంది కాబట్టి పని జరిగినట్టు అనిపిస్తుంది. దోమ పుట్టేది మాత్రం నీళ్లలో. ఆ నీళ్లు వీధికో రకం. సింగ్‌నగర్ మురుగు కాలువకు సరిపోయిన మందు కొండమీద ఇళ్ల డ్రమ్ములకు పనికిరాదు. లిఫ్టు గుంటలో పోసే ఆయిల్ ఏలూరు కాలువలో పోయకూడదు. అందుకే మందును ఫిర్యాదును బట్టి కాదు, నీటిని బట్టి ఎంచుకోవాలి. ఫాగింగ్ ఆ వరసలో చివరిది. వార్డు స్థాయిలో మలేరియా సిబ్బందితో పని చేయించేవారికీ, కాలనీ సంఘాలవారికీ ఉపయోగపడేలా ఒక్కో రకం నీటికి ఉన్న దారులను ఇక్కడ పోల్చి చూద్దాం.

ముందు గరిటె, తర్వాత మందు

మందు డబ్బా మూత తీసేముందు తెల్ల గరిటె ఒకటి చేతిలో ఉండాలి. 300 మిల్లీలీటర్ల నీరు పట్టేది చాలు. గరిటెను ఏటవాలుగా అంచు దగ్గర ముంచి, నీరు దానంతట అది లోపలికి వచ్చేలా పట్టాలి. మనిషి నీడ నీటిమీద పడితే లార్వా, అంటే నీళ్లలో పెరిగే దోమ పిల్ల, అడుగుకు దిగిపోతుంది. అప్పుడు ఖాళీ గరిటె చూసి "ఇక్కడ ఏమీ లేవు" అని రాసుకుని వెళ్లిపోతారు. సగం తప్పుడు రిపోర్టులు ఇలాగే పుడతాయి. ఒక డ్రెయిన్‌లో వేర్వేరు చోట్ల పది ముంపులు తీసి, లార్వాలను వేరుగా, ప్యూపాలను (లార్వాకూ దోమకూ మధ్య దశలో ఉన్నవాటిని) వేరుగా లెక్కించాలి.

లార్వా నీటి ఉపరితలానికి సమాంతరంగా పడుకుని ఉంటే అనాఫిలిస్ రకం దోమది. తల కిందికి వేలాడుతూ ఉంటే క్యూలెక్స్ గానీ ఏడిస్ గానీ. మురుగునీళ్లలో దొరికితే దాదాపు క్యూలెక్సే. రాత్రి కుట్టేది, బోదకాలును మోసేది ఇదే. ఇది ఒకటి రెండు కిలోమీటర్లు అవలీలగా ఎగురుతుంది కాబట్టి, ఫిర్యాదు వచ్చిన వీధిలో లార్వా లేకపోవడం వింతేమీ కాదు. ఏడిస్ శుభ్రమైన నిల్వనీటిలో పుట్టి పగలు కుడుతుంది. కాళ్ల మీద తెల్ల చారలుంటాయి. డెంగీ, చికున్‌గున్యా దీని పని. పుట్టిన చోటి నుంచి ఒకటి రెండు వందల మీటర్లు దాటడం అరుదు, కాబట్టి డెంగీ కేసు వచ్చిన ఇంటి చుట్టుపక్కలే దాని పుట్టిల్లు వెతకాలి. పట్టణ మలేరియాను మోసే అనాఫిలిస్ స్టెఫెన్సై మేడమీద ట్యాంకుల్లో, బావుల్లో, కట్టడాల దగ్గర నిలిచిన నీళ్లలో ఉంటుంది.

మన వేడికి గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, మహా అయితే పది రోజులు పడుతుంది. కింద చెప్పే వారం గడువులన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి. వారం పనిని పన్నెండో రోజున చేస్తే మందు ఖర్చు అవుతుంది, దోమలూ వస్తాయి.

మురుగు కాలువలు, సైడు కాలువలు

అన్నిటికన్నా ఎక్కువ మందు పోసేదీ, ఎక్కువ వృథా అయ్యేదీ ఇక్కడే. పోలిక కోసం ఒక కిలోమీటరు పొడవు, రెండు మీటర్ల వెడల్పు ఉన్న డ్రెయిన్ తీసుకుందాం. విస్తీర్ణం 2000 చదరపు మీటర్లు. కీటకాలవల్ల వచ్చే వ్యాధుల నియంత్రణ జాతీయ కార్యక్రమం చెప్పిన మోతాదు చదరపు మీటరుకు 20 మిల్లీలీటర్ల పిచికారీ, అంటే మొత్తం 40 లీటర్లు. పది లీటర్ల వీపు స్ప్రేయర్ అయితే నాలుగు నింపుళ్లు.

ఎమ్మెల్ ఆయిల్‌ను, అంటే దోమ లార్వాలను చంపే నూనెను, నీళ్లు కలపకుండా పోస్తారు. కాబట్టి 40 లీటర్లూ ఆయిలే, అదీ ప్రతి వారం. అబేట్ అని అందరూ పిలిచే టెమిఫాస్ 50 శాతం ద్రావకం అయితే పది లీటర్ల నీటికి 2.5 మిల్లీలీటర్లు కలపాలి. అంటే మొత్తం కిలోమీటరుకు పడేది 10 మిల్లీలీటర్ల మందు. ఇదీ వారానికోసారే. బీటీఐ అనే బాక్టీరియా మందు పొడిని 200 లీటర్ల నీటికి 5 కిలోల చొప్పున కలుపుతారు, మన డ్రెయిన్‌కు ఒక కిలో పడుతుంది. పదిహేను రోజులకోసారి చాలు. దోమను ఎదగనివ్వని పైరిప్రాక్సిఫెన్ 0.5 శాతం గుళికలు మురుగునీటికి హెక్టారుకు 4 కిలోలు, అంటే ఇక్కడ 800 గ్రాములు, మూడు వారాలకోసారి.

లెక్క చూస్తే టెమిఫాస్ ముందు మిగతావన్నీ వెలవెలబోతాయి. మోసే బరువు తక్కువ, ఖర్చూ తక్కువ. చిక్కు పూడికతో వస్తుంది. అడుగున నల్లటి బురద మూరెడు ఉన్న కాలువలో టెమిఫాస్ ఆ బురదకు అంటుకుపోయి లార్వా దాకా చేరదు. రెండో చిక్కు నిరోధకత. టెమిఫాస్ లాంటి ఒకే ఆర్గానోఫాస్ఫేట్ రకం మందును ఏళ్ల తరబడి పోస్తే తట్టుకునే దోమలే మిగులుతాయి. ఏడాది పొడవునా అదొక్కటే ఇండెంటు పెట్టడం కంటే సీజను మారినప్పుడల్లా వేరే తరహా మందుకు మారడం మంచిది.

బీటీఐ బాక్టీరియా నుంచి తీసింది. 1976లో ఇజ్రాయెల్ ఎడారి ప్రాంతంలో బయటపడింది. లార్వా దాన్ని తింటేనే పేగులో విషం పనిచేస్తుంది. ఒకటి కంటే ఎక్కువ విషపు ప్రొటీన్లు కలిసి ఉండటంవల్ల దీనికి నిరోధకత తెచ్చుకోవడం దోమకు కష్టం. చేపలకూ కప్పలకూ హాని చేయదు. బలహీనతలూ లేకపోలేదు. ఎండకు త్వరగా దెబ్బతింటుంది, అడుగుకు దిగిపోతుంది. మురుగు చిక్కగా ఉంటే లార్వాకు అప్పటికే తిండి ఎక్కువ కాబట్టి మందు తినే పాలు తగ్గుతుంది. ద్రవరూపంలో వచ్చే బీటీఐకి మురుగునీటి మోతాదు శుభ్రమైన నీటి మోతాదుకు రెండింతలు ఉండటానికి కారణమిదే. దాన్ని నిల్వచేసే చోటు కూడా ముఖ్యం. మే నెలలో బెజవాడ ఎండకు రేకుల షెడ్డులో పడి ఉన్న డ్రమ్ము గడువు తేదీ దాటకుండానే పనికిరాకుండా పోవచ్చు.

ప్యూపా దశలో దోమ తినదు. కాబట్టి ప్యూపాల మీద బీటీఐ అసలు పనిచేయదు, టెమిఫాస్ కూడా అంతంతమాత్రమే. అక్కడ ఎమ్మెల్ ఆయిల్‌కు సాటిలేదు. నీటిపై పొర కట్టి ఊపిరి ఆడకుండా చేస్తుంది, లార్వా ప్యూపా రెండూ పోతాయి. అయితే పొర తెగకూడదు. ప్లాస్టిక్ కవర్లు, కొబ్బరి బోండాలు, నాచు తేలుతున్న కాలువలో పొర ముక్కలై, మధ్యలో ఖాళీలు మిగిలి, అక్కడ దోమలు హాయిగా పెరుగుతాయి. రంపపు పొట్టు నింపిన గుడ్డ మూటలను ఆయిల్‌లో నానబెట్టి వేలాడదీసే పద్ధతి నిలకడ నీటి గుంటల్లో పనికొస్తుంది. దానికి వాడేసిన ఇంజన్ ఆయిల్ తేవడం మాత్రం వద్దు. చిక్కదనంవల్ల అది సరిగా పరుచుకోదు, పైగా అందులోని లోహాలు చివరికి కాలువల్లోకే చేరతాయి.

పైరిప్రాక్సిఫెన్ చంపదు, ఎదగనివ్వదు. లార్వా బతికే ఉంటుంది, ప్యూపా కూడా అవుతుంది, దోమ మాత్రం బయటికి రాదు. మందు వేసిన వారానికి శానిటరీ ఇన్‌స్పెక్టరు గరిటె ముంచి లార్వాలను చూసి "మందు పనిచేయలేదు" అని రాస్తే ఆ రిపోర్టు తప్పు. ప్యూపాలను సీసాలో పట్టుకొచ్చి, మూతికి వలగుడ్డ కట్టి, ఎన్ని దోమలు బయటికి వచ్చాయో చూడాలి. ఈ ఓపిక లేని చోట ఈ మందు జోలికి పోకపోవడమే నయం.

ఏది వాడినా పారే నీటిలో నిలవదు. ఆకు ఒకటి వేసి చూడాలి. అది కొట్టుకుపోతే అక్కడ లార్వా ఉండదు, మందూ అక్కర్లేదు. ఆకు ఆగిన మూల, కల్వర్టు కింద, చెత్త అడ్డుపడిన వెనకపక్క పిచికారీ చేయాలి. సిబ్బంది కాలువ నడిమధ్యన కొట్టుకుంటూ పోవడం మామూలుగా జరిగే పొరపాటు. లార్వా ఉండేది అంచుల్లో. నాజిల్ అరిగిపోయి ధారగా పడుతుంటే 40 లీటర్లు అరకిలోమీటరుకే అయిపోతాయి. ఆ రోజు రిజిస్టరులో మాత్రం కిలోమీటరే పడుతుంది.

తీర్పు చెప్పాలంటే, ప్యూపాలు నిండిన నిలకడ డ్రెయిన్‌కు మొదటి విడత ఆయిల్, ఆ తర్వాత పూడిక తీయించి బీటీఐ. పూడిక తక్కువగా ఉండి కొంచెం కదిలే సైడు కాలువలకు టెమిఫాస్. చేరలేని, తరచూ వెళ్లలేని గుంటలకు పైరిప్రాక్సిఫెన్ గుళికలు. పూడిక తీసే బిల్లు ఇంజినీరింగ్ విభాగానిది, మందు బిల్లు ఆరోగ్య విభాగానిది కాబట్టి ఈ రెండూ ఒకే వారంలో జరిగేలా చూడటమే బయాలజిస్టు పనిలో కష్టమైన భాగం.

బందరు, ఏలూరు, రైవస్ కాలువలు, బుడమేరు

ప్రకాశం బ్యారేజీ నుంచి బయల్దేరి ఊరి మధ్యగా పోయే ఈ మూడు కాలువలు పొలాలకూ తాగునీటి చెరువులకూ నీళ్లిస్తాయి. వాటిలో ఆయిల్ పోయకూడదు, అంతే. కాలువల్లో కలిసే డ్రెయిన్ చివరి భాగానికీ ఇదే నియమం. నీరు నిండుగా పారే నెలల్లో వాటిలో దోమల బెడద తక్కువ. వేసవిలో కాలువలు కట్టేశాక అడుగున మిగిలిన మడుగుల్లోకి మురుగు చేరుతుంది. క్యూలెక్స్‌కు అంతకంటే మంచి చోటు దొరకదు. కాలువ కట్టేసిన వారం లోపే మడుగులను ఒకదానికొకటి కలుపుతూ సన్నటి బోదె తవ్విస్తే సగం మందు మిగులుతుంది. మిగిలిన మడుగులకు బీటీఐ.

గుర్రపుడెక్క, అంతరతామర కమ్మేసిన చోట మాన్సోనియా దోమ ఉంటుంది. దాని లార్వా ఊపిరికి పైకి రాదు. మొక్క వేళ్లకు గుచ్చుకుని అక్కడినుంచే గాలి పీల్చుకుంటుంది. కాబట్టి పైన ఆయిల్ పొర వేసినా దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. డ్రోన్‌తో కొట్టిన పిచికారీ ఆకుల మీదే ఆగిపోతుంది. మొక్క తీయించడం ఒక్కటే దారి. తీసిన డెక్కను గట్టు అంచున కుప్ప పోస్తే మొదటి వానకు మళ్లీ నీటిలోకి జారుతుంది, కాబట్టి అదే రోజు లారీ ఎక్కించాలి.

చేపల సంగతి. లార్వాలను తినే గంబూషియా చేపను 1928లో మన దేశానికి తెచ్చారు. ఒక్కో చేప రోజుకు వంద నుంచి మూడు వందల లార్వాలు తింటుందని అంటారు, మీటరు పొడవుకు ఐదు నుంచి పది చేపలు వదలాలి. కానీ అది దోమ పిల్లలతో ఆగదు. కప్ప గుడ్లు, స్థానిక చేపల పిల్లలు కూడా దానికి ఆహారమే. బుడమేరు వాగుతో, కొల్లేటి సరస్సుతో కలిసే నీటిలో దాన్ని వదలడం సరికాదు, ఒకసారి పోయాక వెనక్కి తీయలేం. గట్టు ఉన్న పాడుబావి, ఫౌంటెన్, బయటికి దారిలేని గుంట వంటి చోట్లకే దాన్ని పరిమితం చేయాలి. నీరు కాస్త మురికైతే గప్పీ చేప మేలు, తినడం తక్కువైనా తట్టుకుంటుంది. నల్లటి మురుగులో రెండూ చచ్చిపోతాయి. చేపలు ఉన్న కవరును పావుగంట నీటిమీద తేలనిచ్చి, చల్లటి పూట వదలాలి. మధ్యాహ్నం నేరుగా గుమ్మరిస్తే సాయంత్రానికి తెల్లగా తేలతాయి.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగర్, పాయకాపురం వైపు ముంచెత్తినట్టు మళ్లీ వస్తే, పారే నీరు ముందు ఉన్న లార్వాను తుడిచిపెట్టేస్తుంది. ప్రమాదం నీరు తీశాక మొదలవుతుంది. ఖాళీ స్థలాల్లో, సెల్లార్లలో నిలిచిన నీటికి వారం లోపు మందు చేరాలి. వరద ఉండగా మందు కొట్టడం సొమ్ము నీళ్లలో పోయడమే.

కొండమీద ఇళ్లు, డ్రమ్ములు, గోళేలు

వన్‌టౌన్, మొగల్రాజపురం కొండల మీద ఉన్న ఇళ్లలో నీటిని నిల్వ పెట్టుకోక తప్పదు. ఇక్కడ శత్రువు ఏడిస్. వారానికోసారి పారబోయండి అని చెబితే కిందినుంచి మోసి తెచ్చుకున్న నీళ్లను ఎవరూ పారబోయరు. ఎంపిక మూడింటి మధ్య ఉంటుంది: మూత, తోమడం, మందు.

బిగుతైన మూత గానీ, రబ్బరు కట్టిన నూలుగుడ్డ గానీ అన్నిటికన్నా చవక. గుడ్డ కుంగి నీటికి తగిలితే ఆ తడి మీదే గుడ్లు పెడుతుంది, అది చూసుకోవాలి. తోమడం అంటే నీళ్లు ఒలకబోయడం కాదు. ఏడిస్ గుడ్లు నీటి అంచుకు కాస్త పైన గోడకు అంటుకుని ఉంటాయి, ఎండిపోయినా నెలల తరబడి బతుకుతాయి. మళ్లీ నీరు తగలగానే పొదుగుతాయి. కొబ్బరి పీచుతో ఆ గీత వెంట రుద్దితేనే నిల్వనీళ్లు ఖాళీ చేసే శుక్రవారం డ్రైడేకు అర్థం ఉంటుంది.

మూతా లేదు, తోమనూ లేరు అన్న ఇంట్లోనే మందు. టెమిఫాస్ ఒక శాతం గుళికలు పది లీటర్లకు ఒక గ్రాము, అంటే 200 లీటర్ల డ్రమ్ముకు 20 గ్రాములు. గుళికలు లేక ద్రావకమే ఉంటే ఆ డ్రమ్ముకు కావలసింది 0.4 మిల్లీలీటరు. వీధిలో అంత చిన్న కొలత ఎవరూ తీయలేరు. అందుకే ముందుగా 10 మిల్లీలీటర్ల మందును లీటరు నీటిలో కలుపుకుని, అందులోంచి డ్రమ్ముకు 40 మిల్లీలీటర్లు వేయాలి. లీటరుకు ఒక మిల్లీగ్రామును మించకూడదు. ఇది శిక్షణ ఉన్న సిబ్బంది పని, మందును ఇళ్లవారి చేతికి ఇవ్వకూడదు. వాసన వస్తోందని మరునాడే నీళ్లు మార్చేస్తే మందు వృథా. చెప్పి వేయడం, చెప్పకుండా వేయడం మధ్య తేడా అక్కడ తెలుస్తుంది.

అపార్టుమెంటు సంపు, మేడమీద ట్యాంకుకు మందు కంటే మూత బిగించడం, పొంగు గొట్టానికి సన్నటి జాలీ కట్టడం మేలు. ఒకసారి ఖర్చు, ఏళ్ల తరబడి పనిచేస్తుంది.

సెప్టిక్ ట్యాంకులు, లిఫ్టు గుంటలు, టైర్లు

సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టానికి నైలాన్ వల కట్టడం అన్నిటికన్నా తేలిక. పగుళ్లున్న ట్యాంకు అయితే రెండు మూడు మిల్లీమీటర్ల థర్మకోల్ పూసలు సెంటీమీటరు మందాన పోస్తే దోమ గుడ్లు పెట్టలేదు, ఏళ్లపాటు నిలుస్తుంది. వరద చేరే వీధుల్లో వద్దు, పూసలన్నీ తేలి బుడమేరులో పడతాయి.

కడుతున్న భవనం లిఫ్టు గుంటకు ఆయిల్. కాంక్రీటు తడిగా ఉండేందుకు నిలిపే క్యూరింగు నీటిని ఆరు రోజులకోసారి పూర్తిగా ఎండనివ్వాలి. ఆటోనగర్‌లో బయట పేర్చిన పాత టైర్లకు పిచికారీ దండగ, లోపలి వంపులోకి చేరదు. టార్పాలిన్ కప్పించాలి, కుదరకపోతే టెమిఫాస్ గుళికలు వేయాలి. ఈ పోలికను గుంటూరువారూ వాడుకోవచ్చు, అక్కడ ఊరి మధ్యన ఇలాంటి మూడు కాలువల బాధ లేదు. అక్కడ పీకలవాగు అనే వాగు, సైడు కాలువలు, ఇంటి తొట్లే ప్రధానం కాబట్టి కాలువల భాగం వదిలేసి మిగతాది అలాగే వాడుకోవచ్చు.

ఫాగింగ్, ఇంటిలోపల పిచికారీ

డీజిల్‌లో ఐదు శాతం మలాథియాన్ కలిపి వీధిలో వదిలే పొగ, ఆ నిమిషంలో గాలిలో ఎగురుతున్న దోమను చంపుతుంది. మందు గోడకు అంటదు, మర్నాడు పుట్టే దోమకు దానితో పనిలేదు. ఏడిస్ మంచం కింద, బట్టల వెనక దాక్కుని ఉంటుంది. పొగ వాసనకు జనం కిటికీలు మూసేస్తారు, దోమ లోపల క్షేమం. గాలి వీస్తున్నప్పుడు, మిట్టమధ్యాహ్నం వేడికి పొగ పైకి లేచిపోయేటప్పుడు కొడితే డీజిల్ ఖర్చే మిగులుతుంది. కొట్టాలంటే తెల్లవారుజామున గానీ సందెవేళ గానీ, కిటికీలు తెరిపించి కొట్టాలి.

డెంగీ కేసు తేలిన చోట దీనికంటే మేలైనది ఇంటిలోపల పైరెత్రమ్ పిచికారీ. రెండు శాతం పైరెత్రమ్ ఒక పాలు, కిరోసిన్ పందొమ్మిది పాళ్లు కలిపి, కేసు చుట్టూ యాభై ఇళ్ల వరకు లోపల కొట్టాలి. ముందు పొయ్యి ఆర్పించాలి, తిండి మూయించాలి, అక్వేరియం ఉంటే మూత వేయించాలి, ఎందుకంటే చేపలకు ఇది విషం. తలుపులు పావుగంట మూసి ఉంచాలి. అదే రోజు ఆ ఇళ్లలో లార్వా వెతకకపోతే ఈ శ్రమంతా వారం రోజుల ఉపశమనమే.

మందు పనిచేసిందని ఎలా తెలుస్తుంది

మందు వేసేముందు పది ముంపులు, 48 గంటల తర్వాత అవే చోట్ల మరో పది. పక్కనే మందు వేయని కాలువ ఒకటి ఉంచుకుని అక్కడా లెక్కించాలి, లేకపోతే వాన తగ్గించిన లార్వాను మందు ఖాతాలో వేసుకుంటాం. వారం వారం పని జరుగుతున్న కాలువలో ప్యూపా కనిపిస్తే గత విడత అక్కడ జరగలేదని గానీ, మందు చెడిందని గానీ, దోమ తట్టుకుంటోందని గానీ అర్థం. పైరిప్రాక్సిఫెన్ వేసిన చోట మాత్రం ఈ గుర్తు వర్తించదు. మూడింటిలో ఏదో తేల్చడానికి 25 లార్వాల చొప్పున నాలుగు గ్లాసుల్లో మందునీళ్లు, ఒక గ్లాసులో ఉత్త నీళ్లు పెట్టి, 24 గంటల తర్వాత చచ్చినవి లెక్కించాలి. ఉత్త నీటి గ్లాసులోనూ చాలా చచ్చిపోతే ఆ పరీక్ష పనికిరాదు, మళ్లీ పెట్టాలి.

ఏడిస్‌కు వంద ఇళ్లకు ఎన్ని పాత్రల్లో లార్వా దొరికిందో లెక్క కడతారు. అదే బ్రెటో సూచిక. యాభై దాటితే డెంగీ వ్యాపించే ముప్పు ఎక్కువ. 2025లో రాష్ట్ర ప్రభుత్వం విజయవాడ సహా ఆరు నగరాల్లో కృత్రిమ మేధ సెన్సర్లతో దోమల నిఘా ప్రయోగాన్ని ప్రకటించింది. సెన్సరు ఏ రకం దోమ ఎంతగా ఎగురుతోందో చెబుతుంది. అది ఏ గుంటలో పుట్టిందో చెప్పదు. ఆ సమాచారం వచ్చిన వార్డుకు గరిటెతో మనిషి వెళ్లాల్సిందే. డ్రోన్ కూడా అంతే, మనిషి దిగలేని బుడమేరు అంచులకు, గోడ కట్టిన ఖాళీ స్థలాలకు బాగుంటుంది. ఇళ్ల మధ్య సైడు కాలువలకు దాన్ని అద్దెకు తెచ్చే డబ్బుతో ఇద్దరు మనుషులకు స్ప్రేయర్లు, కొత్త నాజిళ్లు, చేతి తొడుగులు కొనడం మంచిది.